కేప్‌టౌన్ గ్రూట్ కాన్‌స్టాన్షియా ద్రాక్షతోట: నాన్నగారు అడిగిన ప్రశ్నకి జవాబు కావాలి

నల్లరేగడి
నేను ప్రిటోరియాలో ఉంటాను. పోయిన నెల అమ్మానాన్నలు వస్తే నాలుగు రోజులు కేప్‌టౌన్ తిప్పాను. ఒక టూర్ కంపెనీ వ్యాన్‌లో గ్రూట్ కాన్‌స్టాన్షియాకి వెళ్ళాం. టేబుల్ మౌంటెన్ వెనక వాలులో, 1685 నుంచీ ఉన్న ద్రాక్షతోట. తెల్లటి సున్నం గోడలు, గడ్డి కప్పు, పాత ఓక్ చెట్ల బాట. కళ్ళు తిప్పుకోలేం.

మా వ్యాన్ గైడు ఉన్నంతసేపూ నెపోలియన్ గురించే చెప్పాడు. సెయింట్ హెలీనా దీవిలో బందీగా ఉన్నప్పుడు ఇక్కడి తియ్యటి వైన్ తెప్పించుకుని తాగేవాడట. మా నాన్న ముప్పై ఏళ్ళు సోషల్ మాస్టారు. అంతా విని ఒకటే అడిగారు: "తాగినాయన పేరు చెప్పావు బాబూ, గుంతలు తవ్వి మొక్కలు నాటినవాళ్ళు ఎవరు?" గైడు "స్లేవ్స్, ఫ్రమ్ ది ఈస్ట్" అనేసి టైమైందని వ్యాన్ ఎక్కించాడు.

నాన్న ఊరికి వెళ్ళిపోయారు గానీ ప్రశ్న నా దగ్గర వదిలేసి వెళ్ళారు. ఫోన్ చేసినప్పుడల్లా అదే అడుగుతున్నారు. ఈస్ట్ అంటే ఏ ఈస్ట్? అందులో మనవాళ్ళు ఉన్నారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రాత్రిబస్సు
మా వీధి చివర వైన్ షాపుంది. ఒకసారి నిజంగా వైన్ అడిగితే లోపలున్నాయన నన్ను ఎగాదిగా చూశాడు. వైన్ గురించి నాకున్న జ్ఞానం అంతే. ఆ నెపోలియన్ సంగతి నిజమేనా?

సిరాచుక్క
నిజమే. ఆ రోజుల్లో యూరప్ రాజుల విందుల్లో కాన్‌స్టాన్షియా వైన్ ఉండటమంటే గొప్ప. కానీ ఈ చర్చాదారంలో అసలు ప్రశ్న పెద్దాయనది.

డచ్ ఈస్టిండియా కంపెనీ 1652లో కేప్‌లో, అంటే ఇప్పటి కేప్‌టౌన్ దగ్గర దిగింది. ఆసియాకి వెళ్ళే ఓడలకి మంచినీళ్ళు, కూరగాయలు, మాంసం అందించే మజిలీ కోసం. అక్కడి ద్రాక్షతో మొదటిసారి వైన్ తీశామని అక్కడి మొదటి కమాండరు వాన్ రీబెక్ 1659 ఫిబ్రవరి 2న డైరీలో రాసుకున్నాడు. 1679లో సైమన్ వాన్ డెర్ స్టెల్ కమాండరుగా వచ్చాడు. కంపెనీ అతనికి 1685లో ఇచ్చిన భూమే కాన్‌స్టాన్షియా. 891 మోర్గెన్‌లు, మన లెక్కలో దాదాపు 1,900 ఎకరాలు.

ఆ తోటలో చెమటోడ్చింది బానిసలు. 1652 నుంచి 1808 మధ్య కేప్‌కి తెచ్చిన బానిసలు సుమారు 63,000 మంది అని చరిత్రకారుల అంచనా. అందులో దాదాపు పావు వంతు మన దేశం నుంచే: బెంగాల్, మలబార్, కోరమాండల్. మిగతావాళ్ళు మడగాస్కర్, తూర్పు ఆఫ్రికా, ఇండోనేషియా దీవుల నుంచి.

ఇక కోరమాండల్ అంటే డచ్‌వాళ్ళ లెక్కలో నాగపట్నం నుంచి భీమిలి దాకా. మచిలీపట్నంలో 1605లో దిగారు. పులికాట్‌లో 1613లో కోట కట్టారు. తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ జగన్నాథపురం, భీమునిపట్నం. మ్యాపు తీసి చూడండి, మన కోస్తా మొత్తం వస్తుంది.

భీమిలి_గాలి
ద్రాక్షారామంలో డచ్‌వాళ్ళా! పేరులోనే ద్రాక్ష ఉంది, ఈ దారానికి రావాల్సిన ఊరే.

మా భీమిలిలో డచ్ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు వాటి పక్కనే క్రికెట్ ఆడేవాళ్ళం, బంతి లోపలికి పోతే ఎవరు తేవాలని తగాదా. బడిలో మాకు చెప్పింది వాళ్ళు బట్టలు కొనడానికి వచ్చారని. మనుషుల్ని కొన్నారని ఒక్కరూ చెప్పలేదు.

సిరాచుక్క
@భీమిలి_గాలి బట్టలదే పెద్ద వ్యాపారం. మనుషుల వ్యాపారం కరువు వచ్చినప్పుడు పెరిగేది. 1687 గుర్తు చేసుకోండి, గోల్కొండ పడిపోయిన ఏడు. ఒక పక్క ఔరంగజేబు సైన్యం, ఇంకో పక్క పంటలు పోయి కరువు. తిండికి లేక జనం తమని తాము అమ్ముకున్నారు, పిల్లల్ని అమ్ముకున్నారు. అలా వేల మంది ఓడలెక్కారు. ఎక్కువమంది సిలోన్‌కి, ఇప్పుడు జకార్తా అంటున్న బటావియాకి వెళ్ళారు. కొందరు కేప్‌కి చేరారు.

కాన్‌స్టాన్షియాకి భూమి ఇచ్చింది 1685. అప్పటికి గోల్కొండలో తానీషానే ఉన్నాడు.

నల్లరేగడి
ఇది నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. "రామదాసుని బందిఖానాలో పెట్టిన తానీషా కాలంలోనా!" అన్నారు. ఏళ్ళ తరబడి పిల్లలకి ఆ పాఠం చెప్పారు, గోల్కొండ పడిందని చెప్పి అక్కడితో ఆపేసేవారట. కోట పడ్డాక ఊళ్ళలో జనం ఏమయ్యారో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు అన్నారు.

లెక్కలమాస్టారు
కొంచెం ఆగండి. కోరమాండల్‌లో తమిళ తీరం కూడా ఉంది. కేప్‌కి చేరినవాళ్ళలో తెలుగువాళ్ళు ఉన్నారని దేన్ని బట్టి అంటున్నారు? ప్రపంచంలో ఎక్కడ ఎవరు కనిపించినా మనవాళ్ళే అనేసుకునే అలవాటు మనకి ఎక్కువ. ఆధారం ఉంటే చూపించండి.

సిరాచుక్క
@లెక్కలమాస్టారు న్యాయమైన మాట. బానిసని కొన్నాక పాత పేరు తీసేసి కొత్త పేరు పెట్టేవాళ్ళు. పక్కన వచ్చిన చోటు రాసేవాళ్ళు: వాన్ కోరమాండల్, వాన్ బెంగాలెన్, వాన్ మలబార్. ధర రాశారు, తేదీ రాశారు. ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడో రాయలేదు. అందుకని ఫలానా మనిషి తెలుగువాడని వేలు పెట్టి చూపలేం. నేను చెప్పేది ఒకటే. కరువుకి మాడిన ఊళ్ళలో గోల్కొండ రాజ్యం కింద ఉన్న తెలుగు కోస్తా ఉంది, అక్కడి రేవుల్లో డచ్ ఓడలు ఉన్నాయి. మచిలీపట్నం చుట్టుపక్కల జనం మాట్లాడింది ఏ భాషో వేరే ఆధారం కావాలా?

లెక్కలమాస్టారు
ఆ మాత్రం ఒప్పుకుంటాను. "ఉండే అవకాశం చాలా ఎక్కువ" అని రాయండి, "ఉన్నారు" అని రాయకండి.

డర్బన్_మనవరాలు
నేను డర్బన్‌లో పుట్టాను, ఇక్కడికి వచ్చినవాళ్ళలో ఐదో తరం. మా తెలుగు శనివారం బడిలో నేర్చుకున్నది, తప్పులుంటే దిద్దండి.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళు రెండు కథల్ని కలిపేస్తుంటారు. మాది వేరే కథ. మా ముత్తాతలు డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతంలోని చెరకు తోటలకి ఒప్పందం కూలీలుగా వచ్చారు. మొదటి ఓడ ట్రూరో మద్రాసులో బయల్దేరి 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. మా వాళ్ళు పడిన కష్టం తక్కువేం కాదు. కానీ జాబితాలో పేరు ఉంది, తండ్రి పేరు ఉంది, ఊరు ఉంది. అందుకే మేం తెలుగువాళ్ళమని మాకు తెలుసు. ఇక్కడి మా ఆంధ్ర మహాసభ 1931 నుంచి నడుస్తోంది, ఉగాదికి వేపపువ్వు కోసం ఊరంతా గాలిస్తాం.

కేప్‌కి వచ్చినవాళ్ళకి అది కూడా మిగల్లేదు. మాకంటే రెండొందల ఏళ్ళ ముందు వచ్చారు. పేరు పోయింది, భాష పోయింది. వాళ్ళ మునిమనవలు ఇవాళ డచ్ నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాష మాట్లాడతారు. బానిసలకి నెలల పేర్లు పెట్టేవాళ్ళు, ఆ పేర్లే ఇంటిపేర్లయ్యాయి. ఫెబ్రువరీ, ఏప్రిల్, సెప్టెంబర్. నాతో నర్సింగ్ చదివిన అమ్మాయి ఇంటిపేరు సెప్టెంబర్. మొదటిరోజు నేను నవ్వాను. ఎందుకొచ్చిందో తెలిశాక వెళ్ళి సారీ చెప్పాను.

రాత్రిబస్సు
సరదాగా నాలుగు మాటలు రాద్దామని ఈ దారం తెరిచాను. సెప్టెంబర్ దగ్గర ఆగిపోయాను.

పందిరికింద
ఇన్ని పోస్టులొచ్చినా ద్రాక్ష గురించి ఒక్కరూ మాట్లాడలేదు, అందుకే నేను మాట్లాడతాను. మాది శంషాబాద్ వైపు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ ద్రాక్ష పందిళ్ళే. మాకు నాలుగెకరాల అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష ఉండేది. బోర్లు ఎండాయి, తర్వాత ప్లాట్లు వచ్చాయి. 2019లో రైతుల బృందంతో కేప్‌టౌన్ దగ్గరి స్టెల్లెన్‌బాష్ వెళ్ళినప్పుడు ఒక పూట కాన్‌స్టాన్షియా కూడా చూశాను.

అక్కడ మనలా నెత్తి మీద పందిరి ఉండదు. నడుము ఎత్తున తీగలు వరసగా కట్టి ఉంటాయి. చలికాలంలో ఆకు రాల్చి చెట్టు నిద్రపోతుంది. మనకి ఆ చలి లేదు గనక ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరింపు వేసి మనమే దాన్ని లేపుతాం. వాళ్ళకి కోత జనవరి నుంచి మార్చి. ఫాల్స్ బే అనే అఖాతం నుంచి చల్లటి గాలి వస్తుంది. ఎండాకాలంలో ఆగ్నేయం నుంచి గట్టి గాలి వీస్తుంది, దాన్ని వాళ్ళు కేప్ డాక్టర్ అంటారు. ఆకు మీద తడి ఆరిపోతుంది, తెగులు తగ్గుతుంది. కొమ్మలు విరిచేదీ అదే.

ఆ పేరున్న తియ్యటి వైన్ మస్కట్ జాతి ద్రాక్షది. కాయ చిన్నది, వాసన మల్లెపువ్వుకి దగ్గర. గుత్తి పండినా కోయరు. చెట్టు మీదే ముడతలు పడనిస్తారు, దాదాపు కిస్‌మిస్ అయ్యేదాకా. నీరు పోయి చక్కెర చిక్కబడుతుంది. ఆ కాయల రసం తీసి పులియబెడితే, పులిసేలా చేసే ఈస్టు అనే సూక్ష్మజీవి కొంత చక్కెర తినేసి ఇక తినలేక ఆగిపోతుంది. మిగిలిందే తీపి, లీటరుకి 150 గ్రాములు దాటుతుంది. విడిగా సారా గానీ చక్కెర గానీ కలపరు.

మార్కెట్‌కి బరువు లెక్కన అమ్ముకున్న నాలాంటివాడికి ఇది చూస్తే గుండె జారిపోతుంది. కాయలో నీరు పోతే మన డబ్బు పోయినట్టే కదా! పైగా అన్ని వారాలు గుత్తి చెట్టు మీద ఉంటే పిట్టలు ఊరుకోవు. మా తోటలో ఖాళీ డాల్డా డబ్బా కొడుతూ పిట్టలు తోలింది నేనే, ఎనిమిదేళ్ళప్పుడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. "తోటలో ఎవరున్నారు" అని పెద్దాయన అడిగితే నాకు మొదట ఆ పని చేసినవాళ్ళే కళ్ళముందు మెదిలారు. అక్కడా చిన్నపిల్లలే చేసుంటారు అనిపించింది.

తాటితోపు
@పందిరికింద అన్నా, కిస్‌మిస్ సంగతి ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు.

నా బాధ వేరే. మాది గీత కార్మికుల ఇల్లు, నల్లగొండ వైపు. వైన్‌కి మూడొందల ఏళ్ళ వారసత్వం అంటారు, మ్యూజియం కడతారు, టికెట్టు పెడతారు. మా తాత మోకు, ముస్తాదు కట్టుకుని రోజుకి రెండు పూటలా తాటిచెట్లు ఎక్కేవాడు. పొద్దుటి కల్లా మాపటి కల్లా అని లొట్టి మూత తీయకుండానే చెప్పేవాడు. ఏ చెట్టు కల్లు తీపి, ఏ చెట్టుది వగరు, ఏ నెలలో ఏది గీయాలి, అంతా ఆయన తలలో ఉండేది. చెట్టు మీంచి పడి పోయాడు. ఆ విద్యకి మన దగ్గర ఒక్క బోర్డు కూడా లేదు.

లెక్కలమాస్టారు
@తాటితోపు మీ తాతగారి పనితనానికి నమస్కారం. కానీ మద్యానికి వారసత్వం అనే మాట నాకు మింగుడుపడదు. మా ఇంట్లో ఒక మనిషిని మేం మందుకే పోగొట్టుకున్నాం. తోట అందం, గ్లాసు అందం చెప్పేవాళ్ళు అక్కడి కూలీల ఇళ్ళు కూడా చూడాలి.

డర్బన్_మనవరాలు
@లెక్కలమాస్టారు చూశాను అంకుల్. రెండేళ్ళు వెస్టర్న్ కేప్‌లో పనిచేశాను.

డాప్ అని ఉండేది. ఆఫ్రికాన్స్‌లో ఒక గుక్క అని అర్థం. కూలిలో భాగంగా రోజుకి కొన్నిసార్లు నాసిరకం వైన్ పోసేవాళ్ళు. బానిసత్వం 1834 డిసెంబర్ 1న రద్దయింది. కానీ అప్రెంటిస్ అనే పేరుతో ఇంకో నాలుగేళ్ళు పాత దొర దగ్గరే ఉంచారు. ఆ తర్వాత మనిషిని తోటకి కట్టేసింది ఈ డాపే. చట్టం నిషేధించాక కూడా చాలాచోట్ల చాలాకాలం నడిచింది. తల్లి కడుపులో ఉండగానే మద్యం వల్ల దెబ్బతిన్న పిల్లలు ప్రపంచంలో అతి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఇది ఒకటి. నా వార్డులో ఉండేవాళ్ళు ఆ పిల్లలు. ఆరేళ్ళ పాప బొత్తాం పెట్టుకోవడం నేర్చుకోవడానికి నెలలు పట్టేది.

అయినా ఆ తోటల్ని నేను ద్వేషించలేను. నా స్నేహితురాలు సెప్టెంబర్ వాళ్ళ నాన్న ద్రాక్ష కత్తిరింపులో మహా పనివాడు. ఆయన చేతిలో కత్తెర చూస్తే తాటితోపు గారి తాత గుర్తొస్తారు.

తాటితోపు
మాస్టారూ, మీ ఇంటి సంగతి తెలియక రాశాను, క్షమించండి. అయితే కల్లుదీ గుడుంబాదీ ఒకే లెక్క కాదు. మా తాత అమ్మాడు, తాగి పడిపోయింది ఎన్నడూ లేదు. పనితనాన్ని గుర్తుంచుకోవాలన్నదే నా మాట.

లెక్కలమాస్టారు
క్షమాపణ ఎందుకు నాయనా. పనితనం మాటకి నాకేం అభ్యంతరం లేదు.

భీమిలి_గాలి
సిరాచుక్క గారూ, ఆ వాన్ డెర్ స్టెల్ అమ్మమ్మ మన దేశపు మనిషని ఎక్కడో విన్నాను. నిజమా, వాట్సాప్ చరిత్రా?

సిరాచుక్క
నిజమే. సైమన్ 1639లో మారిషస్‌కి వెళ్ళే ఓడలో పుట్టాడు. తల్లి మరియా లీవెన్స్. ఆమె తల్లిని కాగితాల్లో గోవా తీరపు మోనికా అని రాశారు. బానిసగా ఉండి విముక్తి పొందిన భారతీయ స్త్రీ. ఆమె మనవడే కేప్‌కి మొదటి గవర్నర్ అయ్యాడు.

లెక్కలమాస్టారు
అమ్మమ్మ బానిస. మనవడి తోటలో బానిసలు. ఆయనకి నిద్ర ఎలా పట్టిందో!

సిరాచుక్క
పట్టింది మాస్టారూ. ఉద్యోగం దిగాక 1712లో పోయేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత భూమి మూడు ముక్కలై అమ్ముడుపోయింది.

రాత్రిబస్సు
మరి ఆ వైన్‌కి పేరు ఎప్పుడొచ్చింది? నెపోలియన్ దాకా ఎలా చేరింది?

సిరాచుక్క
1778లో హెండ్రిక్ క్లూటె గ్రూట్ కాన్‌స్టాన్షియా కొన్నాక. పాడుబడ్డ తోటని తిరిగి నాటించాడు, 1791లో వైన్ నిల్వచేసే కొత్త సెల్లార్ కట్టించాడు. దాని నెత్తిన అంటోన్ అన్రైత్ చెక్కిన శిల్పం ఉంటుంది, చూశారా? గ్రీకు కథలో దేవతలకి మధువు పోసే గనిమీడ్ అనే కుర్రాడు, పక్కన గద్ద.

నల్లరేగడి
చూశాం! అమ్మ దాన్ని చూసి "అదుగో గరుత్మంతుడు" అని దణ్ణం పెట్టుకుంది. అమృతం తెచ్చినవాడే కదా, మరీ దూరం పోలేదు.

పందిరికింద
పతనం నేను చెప్తాను, అది రైతు కథ. 1859లో బూడిద తెగులు ఆ తోటని పట్టింది. 1861లో ఇంగ్లండు కేప్ వైన్‌కి ఇచ్చిన సుంకం రాయితీ పోయింది, అమ్మకం కూలింది. క్లూటె కుటుంబం అప్పుల్లో మునిగింది. 1885లో ప్రభుత్వం కొని ప్రయోగ క్షేత్రం చేసింది. మరుసటి ఏడే, 1886లో, కేప్‌లో ఫిలోక్సెరా బయటపడింది. వేళ్ళు పీల్చి చంపే చిన్న పురుగు, మందు లేదు. ఆ పురుగుని తట్టుకునే అమెరికా వేరు మీద అంటు కట్టడమే దారి. మనం ఉప్పు నేలకీ నీటి కరువుకీ డాగ్రిడ్జ్ వేరు మీద అంటు కడతాం చూడండి, అదే విద్య. అంటే ఇవాళ అక్కడ చూసే చెట్లలో వాన్ డెర్ స్టెల్ నాటింది ఒక్కటీ లేదు.

తియ్యటి వైన్ అయితే దాదాపు నూరేళ్ళు మాయమైంది. పక్కనున్న క్లైన్ కాన్‌స్టాన్షియాని 1980లో కొన్నవాళ్ళు పాత రకం మస్కట్ వెతికి నాటారు. 1986 పంటతో మళ్ళీ తీశారు. గ్రూట్ కాన్‌స్టాన్షియా వాళ్ళు ఇంకొన్నేళ్ళకి మొదలుపెట్టారు.

డర్బన్_మనవరాలు
ఇంకొకటి చేర్చండి. క్లైన్ కాన్‌స్టాన్షియా గేటు దగ్గరే ఒక దర్గా ఉంది. 1667లో డచ్‌వాళ్ళు సుమత్రా నుంచి ప్రవాసం పంపిన షేక్ అబ్దుర్రహ్మాన్ మతేబె షా సమాధి. ఆ ప్రాంతపు ముస్లిం కుటుంబాలు ఇప్పటికీ వస్తారు. 1960ల్లో కాన్‌స్టాన్షియాని తెల్లవాళ్ళ ప్రాంతమని ప్రకటించి, అక్కడే తరతరాలుగా పూలూ కూరగాయలూ పండించిన కుటుంబాల్ని ఊరు దాటించారు. బానిసత్వం పోయి నూట ముప్పై ఏళ్ళయ్యాక!

నల్లరేగడి గారూ, ఈసారి కేప్‌టౌన్ వెళ్తే చర్చ్ స్క్వేర్‌కి వెళ్ళండి. కంపెనీ తన బానిసల్ని ఉంచిన స్లేవ్ లాడ్జ్, ఇప్పుడు మ్యూజియం, దాని పక్కనే.

నల్లరేగడి
రెండు వారాలు కనిపించలేదు, సారీ. ఆఫీసు పని మీద కేప్‌టౌన్ వెళ్ళే వీలు దొరికింది. డర్బన్_మనవరాలు గారు చెప్పిన చర్చ్ స్క్వేర్‌కి పొద్దున్నే వెళ్ళాను. పదకొండు నల్లటి గ్రానైట్ దిమ్మలు, మోకాలి ఎత్తున. వాటిలో కొన్నిటి మీద బానిసల పేర్లు చెక్కారు. జనం వాటి మీద కూర్చుని టీ తాగుతున్నారు.

నాన్నకి వీడియో కాల్ చేశాను. కెమెరా దగ్గరగా పెట్టమన్నారు. ఒక్కొక్క పేరూ పైకి చదివారు. నేను తొందరపడి జరిపితే "ఆగు, రాసుకోనీ" అన్నారు. బడి రోజుల నాటి హాజరుపట్టీ ఒకటి ఇంట్లో మిగిలుంది, అందులో రాసుకుంటున్నారు. వరస సంఖ్య, పేరు. నలభై నిమిషాలు పట్టింది. నా ఫోన్ బ్యాటరీ అయిపోయింది. మిగతావి మళ్ళీ వెళ్ళినప్పుడు చూపించమన్నారు.

లెక్కలమాస్టారు
హాజరుపట్టీలో రాశారా. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

నల్లరేగడి
తప్పకుండా మాస్టారూ. మీరన్నట్టే నాన్న మొదటి పేజీ పైన "తెలుగువారు ఉండే అవకాశం చాలా ఎక్కువ" అని రాసుకున్నారు. ఈ దారం మొత్తం ఆయనకి చదివాను.

పందిరికింద
మస్కట్ సీసా కొన్నావా తమ్ముడూ?

నల్లరేగడి
ఒకటి కొన్నాను అన్నా, క్లైన్ కాన్‌స్టాన్షియాది, అర లీటరు. సంక్రాంతికి వచ్చేటప్పుడు మీకే తెస్తాను, శంషాబాద్ ఎలాగూ విమానం దిగే చోటే. నాన్న ముట్టరు. సీసా మాత్రం పారేయొద్దని అమ్మ చెప్పింది, పొట్టిగా ముద్దుగా ఉందట, మనీప్లాంట్ పెట్టుకుంటుందట.

పందిరికింద
రా. సీసా కడిగి ఇస్తాను. మా పెరట్లో అనాబ్-ఎ-షాహీ చెట్టు ఒకటి ఇంకా ఉంది, మీ నాన్నని కూడా తీసుకురా.